టస్కనీ యాత్రావాఙ్మయము: నడచువాడును, దున్నువాడును

యాత్రాచరిత్రలను విమర్శించుటకు మన ఆలంకారికులు ప్రత్యేకప్రమాణముల నేర్పరచియుండలేదు. అష్టాదశవర్ణనలలో నగరమును, శైలమును, ఋతువులను పేర్కొనిరి గాని, అవి కవి చెప్పు కథకు అంగములు. కన్నులార చూచిన దేశమును వర్ణించువాడు దేనిని విడువరాదు, దేనిని విడిచినను క్షమింపదగును అను ప్రశ్నకు అందు సమాధానము దొరకదు. ఇటలీ మధ్యభాగమునందలి టస్కనీ మండలమును గూర్చిన యాత్రాగ్రంథములను కొన్నింటిని చదువుచు మేము ఇట్టి ప్రమాణమునకై కొంతకాలము వెదకితిమి. అది మాకు గ్రంథములలో దొరకలేదు; సియెనా నగరమున ఒక గోడమీద దొరకినది.

ఆ నగరమును 1287 మొదలు 1355 వరకు తొమ్మండుగురు సభ్యుల మండలి పరిపాలించెను. వారు కూర్చుండు శాలలో 1338-39 సంవత్సరములందు అంబ్రోజియో లొరెంజెట్టి సుపరిపాలనమును, దుష్పరిపాలనమును కుడ్యచిత్రములుగా రచించెను. సుపరిపాలన ఫలములను చూపు గోడపై ఎడమవైపు పట్టణము, కుడివైపు పల్లెసీమ, నడుమ కోటవాకిలి. ఆ వాకిటినుండి గుఱ్ఱములపై వేటకు వెడలు సంపన్నులు దిగివచ్చుచుండగా, వారికెదురుగా గాడిదలపై బరువులు వేసికొని, నడుమున తెల్లపట్టెగల నల్లపందిని తోలుకొని పల్లెవారు ఎక్కిపోవుచున్నారు. బాటప్రక్కన ఒక బిచ్చగాడు కూర్చుండియున్నాడు. ఆవల కొండవాలున ద్రాక్షతోటలు. దిగువ పొలములలో ఒకచో దున్నుచున్నారు, ఒకచో విత్తుచున్నారు, ఒకచో కోయుచున్నారు, మఱియొకచో నూర్చుచున్నారు. ఇవి యన్నియు ఒక్క ఋతువున జరుగునవి కావు. ఔచిత్యవాదులు దీనిని కాలవిరోధమను దోషముగా పరిగణింపవచ్చును. మేము గుణమనియే యందుము. పొలమున పని లేని నెల లేదని చెప్పుటకు చిత్రకారునకు అంతకంటె సూటియైన మార్గము లేదు.

ఈ పల్లెసీమకు పైన ఆకాశమున ఒక స్త్రీమూర్తి కలదు. ఆమె పేరు అభయము. ఒకచేత పత్రమును, ఒకచేత ఉరికొయ్యను పట్టుకొనియున్నది; కొయ్యకు ఒక మనుష్యుడు వ్రేలాడుచున్నాడు. పత్రమునందలి వ్రాత సారాంశమేమనగా: ఈ రాజ్యమున ధర్మము ఏలుచున్నంతకాలము బాటవెంట పోవువానికి భయము లేదు, దున్ని విత్తువానికిని భయము లేదు. మా ప్రమాణము ఇదియే. నడచువాడును దున్నువాడును ఇచ్చట ఒకే వాక్యమునందు చేరియున్నారు. ఒకరి అభయము మఱియొకరి అభయమునకు వేఱుగా లేదు. ఇది పాలకులు తమ్ము తాము పొగడుకొనుటకై వ్రాయించుకొన్న ప్రశస్తి యని మేమెఱుగుదుము. మన శాసనములను చదివినవారికి ప్రశస్తుల రుచి క్రొత్తది కాదు. అయినను ఉరికొయ్యను దాచని ప్రశస్తి అరుదు.

ఈ కొలతతో తరువాతి యాత్రికులను చూతము. 1786 అక్టోబరులో గేటే రోమునగరమునకు త్వరపడుచు ఫ్లారెన్సును సుమారు మూడు గంటలలో ముగించెను. కళాప్రియులు ఆయనను ఇందులకు నేటికిని మన్నింపరు. కాని ఆ ప్రయాణమునందే ఆయన టస్కనీ వంతెనల దార్ఢ్యమును, బాటల తీరును, చేల సేద్యమును శ్రద్ధతో గుర్తించెను. చిత్రశాలను విడిచి చేనును చూచిన యాత్రికుని మేము తప్పుపట్టజాలము. స్టాండాల్ మార్గము దీనికి విపర్యయము. 1817లో ఆయన సాంతా క్రోచే దేవాలయమునుండి వెలికివచ్చుచు గుండె దడదడ కొట్టుకొనగా, పడిపోవుదునేమోయని భయపడినట్లు వ్రాసికొనెను. 1979లో ఫ్లారెన్సు మానసికవైద్యురాలు గ్రాజియెల్లా మగెరీని ఇట్టి స్థితికి ఆయన పేరునే పెట్టెను. రసానుభవము రోగమైన సందర్భములు మన లక్షణగ్రంథములలో లేవు! ఆయన నిజాయితీని మేము శంకింపము; కాని ఆ పుటలో దేశము లేదు, యాత్రికుని హృదయము మాత్రము కలదు.

టస్కనీ సౌందర్యము ప్రకృతిదత్తమని తలచుట తరువాతి రచయితలు పెక్కుమంది పొరపాటు. అది చేతులతో చేసినది. ఆ భూములను శతాబ్దులపాటు సాగుచేసినది 'మెజ్జద్రియా' పద్ధతి. భూమియు, ఇల్లును స్వామివి, చాకిరి కర్షకకుటుంబముది, పంట చెఱిసగము. మన పల్లెలలో సంగోరు అనునదియు ఇట్టిదే. ఒకే చేనున గోధుమయు, ఆలివ్ చెట్లును, ద్రాక్షయు పండింపవలసివచ్చుటచే, తీగెను మేపుల్ చెట్లపైకి ప్రాకించి వరుసల నడుమ పైరు వేసెడివారు. దీనిని ఇటలీవారు పెండ్లియాడిన తీగె యందురు. శకుంతల చెలికత్తెలు నవమాలికకును మామిడికిని చెప్పిన వివాహము మనకు శృంగారోద్దీపనము. అచ్చట అది భూమి చాలక చేసికొన్న ఏర్పాటు.

కియాంతి ఆసవమునకు వ్రాతపూర్వకచరిత్ర కలదు. 1716లో మూడవ కోసిమో ప్రభువు శాసనముచే ఆ సీమకు ఎల్లలు నిర్ణయించెను. ఇటలీ ప్రధానమంత్రిగా నుండిన బ్రోలియో దుర్గాధిపతి బెత్తీనో రికాసొలి 1872 నాటి లేఖలో ఏ యే ద్రాక్షలను కలుపవలయునో తెలిపెను. ఈ చరిత్రలో ప్రభువులకును, స్వాములకును పేర్లు గలవు. తీగెను చెట్టుకు కట్టినవానికి పేరు లేదు. 1964లో క్రొత్త మెజ్జద్రియా ఒడంబడికలు నిషేధింపబడెను. 1982 నాటి చట్టము మిగిలినవానిని కౌలుగా మార్చుటకు దారి తీసెను. చట్టము రాకమునుపే కుటుంబములు పట్టణములకు తరలిపోవుచుండెను. నేడు యాత్రికుని కన్నులకింపైన ద్రాక్షవరుసలలో పెక్కు ట్రాక్టరు నడచుటకై 1960 తరువాత నాటబడినవే. పాడుపడిన రాతియిండ్లు అన్యదేశీయులకు అమ్ముడుపోయెను.

అట్టి కాలమున కొర్తోనా పురము చెంత ఒక పాడింటిని 1990లో కొని బాగుచేసికొన్న అమెరికా కవయిత్రి ఫ్రాన్సెస్ మేస్. ఆమె 1996లో ప్రచురించిన గ్రంథము టస్కనీ యెడల లోకమునకు గల మోహమును వేయింతలు చేసెను; 2003లో చలనచిత్రమును వచ్చెను. పండితులు ఈ గ్రంథమును పెదవి విఱిచి ప్రక్కకు నెట్టుట వాడుక. మేము వారితో ఏకీభవింపము. గోడలు కట్టిన పోలండు పనివారు, రాళ్ల బరువు, బావినీరు, వంటలు ఇందు స్పష్టముగా గలవు. చేతిపనిని ఎఱిగిన వాక్యములవి. అయినను ఒక ప్రశ్న గ్రంథమధ్యమునకు రాదు: ఈ ఇల్లు ఎందులకు పాడుపడెను? ఇంటి పునర్జన్మము కథయైనప్పుడు దాని మరణమును కథలోనిదే కావలయును. దానిని ప్రశ్నింపకుండుటచే గ్రంథము మధురమైనది. ఆ మాధుర్యమే దాని కొఱతయు నైనది.

ఐరిస్ ఒరీగో వ్రాతలు వేఱు. భర్త అంతోనియోతో కలసి ఆమె 1920 దశకమున ఓర్చా లోయయందు లా ఫోచే అను మఱ్ఱిపడిన మట్టికొండల భూమిని కొని సాగునకు తెచ్చెను. ఆమె స్వామిని, మెజ్జద్రియా రైతులు ఆమె క్రిందివారు. ఈ దూరమును విమర్శకుడు మఱవరాదు. కాని 1943-44 సంవత్సరముల దినచర్యగా 1947లో వెలువడిన ఆమె యుద్ధగ్రంథమున, పాఱిపోయివచ్చిన యుద్ధఖైదీలను ప్రాణములకు తెగించి దాచిన రైతులు ప్రతి పుటయందును ఎదురగుదురు. 1944 జూనులో తన బిడ్డలతోపాటు ఆశ్రితులైన పసివారిని వెంటబెట్టుకొని ఆమె ఫిరంగుల నడుమ మొంటెపుల్చానోకు కాలినడకన పోయెను. యాత్రావర్ణనమని ఆమె తలచియుండదు. మా దృష్టిలో టస్కనీ బాటలపై వ్రాయబడిన యాత్రలలో ఇదియే శ్రేష్ఠము. ఏలయన అభయమూర్తి ఆకాశమునుండి తొలగిపోయిన ఆ దినములలో నడచువానికిని భయమే, దున్నువానికిని భయమే. కనుక లొరెంజెట్టి పత్రమునందువలె ఇర్వురును మరల ఒక్క వాక్యమునకు వచ్చిరి. స్వామిని కలము దానిని దాటవేయలేకపోయెను.

మన భాషలో 1838లో అచ్చైన ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను ఇచ్చట స్మరింపవలసియున్నది. మజిలీ మజిలీకి నీటివసతి, అంగళ్లు, బాట ఎట్లుండునో వ్రాసికొని పోయిన ఆ గ్రంథమును నీరసమని కొందఱు విద్యార్థులు మాతో అనుచుందురు. వెనుక వచ్చువాడు ఆ బాటను నడవవలెనను తలంపే ఆ నీరసమునకు కారణము.

ఈ కొలతను ఇతరులపై ప్రయోగించి మమ్ము విడిచిపెట్టుకొనుట న్యాయము కాదు. మేము ఫ్లారెన్సునుండి సియెనాకు బస్సులో పోయిన దినమున వ్రాసికొన్న పుటను ఇటీవల తిరిగి చదివితిమి. కొండలు గలవు, సైప్రస్ చెట్లు గలవు, సాయంకాలపు వెలుతురునకు నాలుగు ఉపమానములు గలవు, మనుష్యుడొక్కడును లేడు. మఱుసటి దినమున ఓర్చా లోయలో సైప్రస్ చెట్ల నడుమ మెలికలు తిరుగుచు కొండనెక్కు బాటను చూచి, ఇది లొరెంజెట్టి కాలమునుండి ఇట్లే యున్నదని వ్రాసితిమి. 2004లో ప్రపంచవారసత్వముగా గుర్తింపబడిన ఆ లోయకు చిత్రపటములందు ముద్రవలెనున్న ఆ బాట ఒరీగో దంపతుల కాలమున ఏర్పడినది. చిత్రమును చూచి భూమిని దిద్దినారు. దిద్దిన భూమిని చూచి మేము చిత్రము నిజమనుకొంటిమి. ఆ వాక్యమును కొట్టివేయలేదు. చెట్లు నాటిన కూలీల పేర్లు ఆ జాగీరు లెక్కలలో దొరకునేమో విచారింపవలెనని ప్రక్కన వ్రాసి ఉంచితిమి.