కబురు నడిచే దారి

వీరకావ్యాల్లో కత్తిసాములను అందరూ మెచ్చుకుంటారు. నాకైతే కబురును గమ్యానికి చేర్చే కవి పనితనమే ముద్దు. ఇటలీ కవి అరియోస్తో రాసిన ‘ఓర్లాందో ఫురియోసో’ 23వ సర్గ చూడండి. తాను ప్రేమించిన ఆంజెలికా మెదోరో అనే యువకుణ్ణి పెళ్లాడిందని వీరుడు ఓర్లాందోకి ఏ దూతా వచ్చి చెప్పడు. ముందు చెట్ల మీద చెక్కిన ఇద్దరి పేర్లు కనిపిస్తాయి. మెదోరో అన్నది ఆమె ఓర్లాందోకే పెట్టిన పేరేమో అని మనసుకు సర్దిచెప్పుకుంటాడు. తరువాత గుహ వాకిట మెదోరో అరబ్బీలో రాసిన పద్యం! ఎన్నో ఆపదల్లో తనను గట్టెక్కించిన ఆ భాషే ఇప్పుడు అతణ్ణి కోస్తుంది. ఆ రాత్రి బస ఇచ్చిన పశువుల కాపరి, అతిథి దిగులు తీర్చాలనే మంచి మనసుతో, వాళ్ల ప్రేమకథంతా చెప్పి, ఆంజెలికా బహుమతిగా ఇచ్చిన కంకణం తెచ్చి చూపిస్తాడు. ఒకప్పుడు ఓర్లాందో ఆమెకిచ్చిన కంకణమే అది. ఇంత నెమ్మదిగా, ఇంత దయగా పిడుగు దించడం ఎంత నేర్పు! 32వ సర్గలో, రుజ్జెరోను ప్రేమించే బ్రదమాంతెకు చేరేది వట్టి పుకారు: రుజ్జెరో మార్ఫీసా అనే వీరవనితను పెళ్లాడబోతున్నాడట. ఆ మాట చెప్పిన గాస్కనీ వీరుడు అబద్ధమాడలేదు, రుజ్జెరో ఉన్న శిబిరమంతా అనుకుంటున్నదే చెప్పాడు. రుజ్జెరో, మార్ఫీసా కవలలన్న సంగతి 36వ సర్గ దాకా వాళ్లిద్దరికే తెలియదు.