మందవెంట తొంబదిమూడేండ్లు

1929వ సంవత్సరము జనవరిలో, అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమందు వెదర్‌ఫర్డ్ అను ఊరికి చెందిన బోస్ ఐకార్డ్ అను నల్లజాతి వృద్ధుడు కన్నుమూసెను. బానిసగా పుట్టి, అంతర్యుద్ధానంతరము స్వేచ్ఛ పొంది, పశువుల మందలవెంట వేలమైళ్లు తిరిగిన ఆ మనిషి సమాధిపై రాతిపలక నాటింప పూనుకొన్నవాడు ఆతని బంధువు కాడు, జాతివాడును కాడు. 92 ఏండ్ల వయసున, తానే నేడో రేపో అన్నట్లున్న చార్లెస్ గుడ్‌నైట్ అను పశుక్షేత్రాధిపతి, బడిముఖము చూచినది కొలదిమాసములేయైనను, వ్రాతకు చేయి సాగనివాడైనను, ఆ పలకకు కావలసిన మాటలను తానే కూర్చి, తనతోడ మంద నడిపిన నాలుగేండ్లలో ఐకార్డ్ చూపిన విశ్వాసమునకును ధైర్యమునకును అందు సాక్ష్యము పలికెను. మంద అమ్మగా వచ్చిన సొమ్ము మోయవలసివచ్చినపుడు గుడ్‌నైట్ దానిని ఐకార్డ్ చేతికే ఇచ్చుచుండెడివాడట.

గుడ్‌నైట్‌కు కన్నబిడ్డలు లేరు. సంతానహీనుని కుటుంబీకుడని పొగడుటకు మన పెద్దలు కొంచెము సందేహింతురేమోగాని, ఆతని 93 ఏండ్ల జీవితమును చదివిన నాకు, ఇంతటి గంపెడు సంసారమును ఈదినవాడు అరుదనియే తోచినది. పొత్తుకాడు, పనివాండ్రు, తల్లిని కోల్పోయిన అడవిదూడలు, మెడలో గంట కట్టుకొన్న ముసలియెద్దు, వీరందరును ఆ సంసారమున చేరినవారే. ఆ సంసారపు నేర్పు మంద నడుపు విద్యనుండియే ఆతనికి అబ్బినదని నా నమ్మకము. కావున ఆ విద్యను కొంత వివరముగనే చెప్పవలసియున్నది.

1836 మార్చి 5వ తేదీన ఇల్లినాయ్ రాష్ట్రమున పుట్టిన గుడ్‌నైట్, తొమ్మిదేండ్ల పిల్లవాడై యుండగా తనవారు టెక్సాసునకు తరలిపోవుచుండ, ఆ దారియంతయు జీనులేని గుఱ్ఱముపై స్వారిచేసెను. పుస్తకము పట్టని ఆ కుఱ్ఱవాడు బయలును చదువనేర్చెను. ముక్కున బురద కఱచుకొని ఎగురు వానకోవెల నీటికడనుండి వచ్చుచున్నదనియు, అడవిగుఱ్ఱములు బారుతీరి ప్రక్కచూపు లేక నడచుచున్న నీటికై పోవుచున్నవనియు, చెదరి మేయుచు కదలుచున్న త్రాగి మరలుచున్నవనియు, మన సర్కారుతుమ్మకు జ్ఞాతియైన మెస్కీటు తుప్ప కనబడినచోట నీరు మిక్కిలి దవ్వున నుండదనియు ఆతడు తెలిసికొనెను. ఈ గురుతులపై వేల పశువుల ప్రాణములు నిలువవలసిన దినము దూరమున లేదు.

అంతర్యుద్ధకాలమున టెక్సాసు మగవారు రణమునకు పోగా, కాచువారు లేని పొడుగుకొమ్ముల పశువులు లక్షలుగా పెరిగి, యుద్ధము ముగిసినపిమ్మట కొనువారు లేక బీడులపై తిరుగాడుచుండెను. న్యూమెక్సికోలోని సమ్నర్ కోటవద్ద ప్రభుత్వము ఎనిమిదివేలకు పైబడిన నవాహో జనులను నిర్బంధించి, వారికి చాలినంత కూడు పెట్టలేక యుండెను. ఒకరి ఆకలి వేరొకరికి బేరమైన కథ ఇది. ఆ క్రూరత్వమును కప్పిపుచ్చి చెప్పుట నాకు చేతకాదు. 1866 జూన్ మాసమున ముప్పదేండ్ల గుడ్‌నైట్, తనకంటె రెండుపదులకు పైగా పెద్దవాడైన ఆలివర్ లవింగ్‌తో పొత్తు కలిసి, 18 మంది మనుష్యులతోడను 2,000 పశువులతోడను ఆ కోటకే బయలుదేరెను.

తిన్నని త్రోవలో కొమాంచీ తెగవారి భయముండుటచే వారు దక్షిణముగా చుట్టి పేకోస్ నదిని చేరదలచిరి. నడుమ సుమారు 90 మైళ్ల మేర చుక్కనీరు లేదు. మొదటిరాత్రి గుడ్‌నైట్ వాడుకచొప్పున మందను ఆపి విశ్రమింపజేయ జూచెను. దప్పిగొన్న పశువు నేలకొరుగక, తెల్లవార్లు నిలిచినచోటనే సుడితిరుగుచుండెను. తిరిగిన ఆ తిరుగుడంతయు ముందునకే తిరిగియున్నచో నది కొంత దగ్గరపడెడిది గదా యని గ్రహించి, ఆపై రేయియు పగలును నిలువక నడిపించెను. సుమారు మున్నూరు పశువులు దారిలో కూలినవి. నీటివాసన సోకినంతనే ముందటివి ఒడలు తెలియక ఏటిలోనికి ఉరుకగా, వెనుకటివి వానిని త్రొక్కుకొనిపోగా, నూటికి తక్కువకాకుండ ఏటిపాలైనవి. దప్పిగొన్న మందకు విశ్రాంతి మేలుగాదనియు, నీరు చేరువైనపుడు తోలుటకంటె ఆపుటయే కష్టమనియు ఆ యాత్ర నేర్పిన పాఠములను ఆతడు మఱి మరువలేదు.

మంద యనగా దారిపై గుంపు కాదు, బారు. రెండువేల తలలు ఇంచుమించు మైలు పొడవున సాగు ఆ బారునకు ముందు, ఇరుప్రక్కల ఇరువురు అనుభవశాలురు గుఱ్ఱములపై నుందురు. వారు తోలరు, ముందటి పశువులను ఇటు అటు కొంచెమొత్తి త్రోవ చూపుదురు. వారివెనుక పార్శ్వములందు మఱికొందరు, బారు విచ్చిపోకుండ కాచుచుందురు. చిట్టచివర కుంటివి, బడలినవి, దూడలతల్లులు. వానివెంట కొత్తగా పనిలో చేరిన కుఱ్ఱకాండ్రు, ముక్కునకు అడ్డముగా రుమాలు కట్టుకొని, ముందుపోవు ఎనిమిదివేల గిట్టలు లేపిన దుమ్మును మ్రింగుచు నడతురు. గౌరవమంతయు ముందువారిదని చూచువారికి తోచును గాని, మంద నడకను నిర్ణయించునది వెనుకటి కుంటిపశువే. దినమునకు 10 మొదలు 15 మైళ్లు. అంతకుమించి తరిమినచో అంగడికి చేరునవి ఎముకలే. మేయుచు మేయుచు తన యిచ్చచొప్పుననే పోవుచున్నానని పశువు భ్రమపడునట్లు దానిని జరుపుటయే ఈ విద్యలోని రహస్యము. ఇది అమెరికనులు పుట్టించినదియు కాదు. స్పెయిన్‌నుండి మెక్సికోకు దిగిన వకేరోలను అశ్వారూఢ గోపాలకులనుండి జీనును, పాశమును, మారుగుఱ్ఱముల గుంపునకు పేరును గూడ వారు ఎరవు తెచ్చుకొనిరి.

గుడ్‌నైట్ స్వయముగ చేర్చినది వంటబండి. సైన్యము వదలించుకొన్న గట్టి యినుపయిరుసుల బండిని కొని, దాని వెనుకభాగమున అరలుగల పెట్టె నొకటి అమర్చి, పెట్టె మూత క్రిందికి వాల్చినచో వంటబల్లయగునట్లు చేసెను. అరలలో కాఫీ, చిక్కుడుగింజలు, పులిసిన పిండి, మందులు, ప్రక్కను నీటిపీపా, బండి క్రింద ఉయ్యెలవలె వ్రేలాడగట్టిన పచ్చితోలులో ఎండుపుల్లలు, పుల్లలు దొరకనిచోట పేడపిడకలు. పిడకపై కాచిన కాఫీ రుచిని గూర్చి మన పల్లెటూరివానికి నేను చెప్పబనిలేదు. వంటవాని మాటకు బండిచుట్టును ఎదురులేదు; మందకు యజమాని అయినను అక్కడ అతిథియే. రాత్రి పడుకొనబోవునపుడు ఆ వంటవాడు బండినొగను ధ్రువనక్షత్రమువైపు త్రిప్పి యుంచెడివాడు. తెల్లవారి మబ్బుపట్టినను దిక్కు తప్పకుండుటకు అది చాలును.

రాత్రి మంద పడుకొన్నపిమ్మట ఇరువురు కావలివాండ్రు దానిచుట్టు ఎదురెదురుగా గుఱ్ఱములపై తిరుగుచు మెల్లగా పాడుచుండెడివారు. పాటయే కావలెనని లేదు. ఎఱిగిన గొంతు ఎడతెగక వినబడుచుండవలెను. చీకటిలో ఆకస్మికముగ తోచిన అడుగుచప్పుడు, తుమ్ము, మెఱుపు, ఏదేని చాలును, మందయంతయు ఒక్కపెట్టున లేచి పరుగుదీయుటకు. అట్టి పరుగును వెనుకనుండి ఎవ్వడును ఆపజాలడు. ముందటివానిని అందుకొని, ప్రక్కనుండి ఒత్తి, క్రమముగ వంపు త్రిప్పి, పరుగును సుడిగా మార్చవలెను. బెదరినవానిని అడ్డగింపక ప్రక్కను నడచి మళ్లించు ఈ పద్ధతిని ఇండ్లలో ప్రయోగించువారు మనలో ఎందరున్నారో నాకు తెలియదు.

ఈ విద్యలో కఠినమైన ఘట్టమొకటి యున్నది. రాత్రి పుట్టిన దూడ తెల్లవారి మందతోడ నడువలేదు. అందుచే కొందరు దానిని అక్కడనే చంపి సాగిపోవుచుండిరి. గుడ్‌నైట్ దూడలకొఱకై వేఱొక బండిని ఏర్పరచెను. అయినను ఒక చిక్కు వచ్చినది: బండిలో ఒరసికొని పోయిన దూడల వాసనలు కలిసిపోవుటచే, సాయంకాలము తల్లి తన బిడ్డను ఆనవాలు పట్టలేక తన్నివేయుచుండెను. అంతట ఆతడు ఒక్కొక్క దూడను ఒక్కొక్క గోతములో ఉంచి, మరునాడును దాని గోతము దానికే దక్కునట్లు గురుతు పెట్టించెను. ఆతని జీవితమున నేను మరల మరల తలచుకొను విషయము లక్షలెకరముల ప్రభుత్వము కాదు, ఈ గోతములే.

1867లో లవింగ్ మందకు ముందుగా పోవుచు కొమాంచీల చేతిలో గాయపడి, ఎటులనో సమ్నర్ కోట చేరి, గాయము కుళ్లి సెప్టెంబరులో మరణించెను. పరదేశమున పూడ్చవలదని ఆతడు కోరగా గుడ్‌నైట్ మాట యిచ్చెను. తాత్కాలికముగ పాతిన శరీరమును మరుసటియేడు పైకి తీయించి, కొయ్యపెట్టెలో నుంచి, నూనెడబ్బాల రేకులు సాగగొట్టి అతికించిన పెట్టెలో దానిని మరల నుంచి, నడుమ బొగ్గుపొడి నింపించి, వందలమైళ్లు బండిపై తెచ్చి వెదర్‌ఫర్డ్‌లో నిక్షేపించెను. అరువదియేండ్ల పిమ్మట ఐకార్డ్ సమాధియైనదియు ఆ యూరనే.

1870లో ఆతడు మేరీ ఆన్ డయర్ అను ఉపాధ్యాయినిని పెండ్లాడెను. 1876లో పాలో డ్యూరో అను మహాకందరమునకు 1,600 పశువులను దింపెను. ఆ కందరము ఊరకే యున్న భూమి కాదు. రెండేండ్లకు ముందే సైన్యము దానిలోని కొమాంచీలు మున్నగు తెగలపై బడి, వేయింటికి మించిన వారి గుఱ్ఱములను చంపివేసి, వారిని వెడలగొట్టెను. గుడ్‌నైట్ తానును యౌవనమున ఆ జనులపై సైనికులకు దారిచూపినవాడే. తరువాత కొమాంచీల నాయకుడు క్వానా పార్కర్‌తో ఆతడు స్నేహము నెఱపుట నిజమేగాని, స్నేహము భూమిని తిరిగి యీయదు.

జాన్ అడేర్ అను ఐర్లండు ధనికుని పెట్టుబడితో ఆ కందరమున వెలసిన పశుక్షేత్రము ఉచ్చదశలో 13 లక్షల ఎకరములకును లక్ష పశువులకును పెరిగెను. కంచెలు లేని బయలున ఎవరి పశువేదో చెప్పునది దాని చర్మముపై కాల్చిన ముద్ర; వసంతమున పశువులను ప్రోగుచేసి, తల్లివెంట నున్న దూడకు తల్లిముద్రయే వేయుదురు. మన మహాభారతమున దుర్యోధనుడు ఘోషయాత్రకు వంకగా చెప్పినదియు ఆలమందల లెక్కయు, దూడలకు అంకనములు వేయించుటయునే. మన యూళ్లలో అచ్చువేసి వదలిన ఆబోతునకు యజమానియే లేడు. అక్కడ అచ్చు లేనిదే యజమాని లేడు. ఓల్డ్ బ్లూ అను యెద్దును గుడ్‌నైట్ మెడలో గంట కట్టి మందకు ముందు నడిపించెడివాడు; గంట మ్రోగిన మంద కదలును, రాత్రి గంటనాలుకను తోలుపట్టెతో కట్టివేసిన నిలుచును. ఎనిమిదేండ్లు అటుల డాడ్జ్ సిటీ రైలుకడకు మందలను చేర్చి, ప్రతిసారియు తాను మాత్రము గుఱ్ఱములతోడ ఇల్లు చేరిన ఆ యెద్దు ముసలియై చనిపోగా, దాని కొమ్ములను క్షేత్రపు కచేరి ద్వారముపై నిలిపిరి.

ఆ కందరమున మేరీకి మాటాడుటకు మరియొక ఆడుది డెబ్బదియైదు మైళ్లలోపల లేదు. పనివాడొకడు కూరకై మూడు కోళ్లను తెచ్చి యీయగా, ఆమె వానిని కోయక పెంచుకొని, వానితోడనే మాటాడుచుండెను. 1878 ప్రాంతమున వేటగాండ్ర తుపాకులకు బైసన్ అను అడవిపశువుల మందలు నశించుచుండగా, అనాథలైన దూడలను తెచ్చి పెంపుమని ఆమె భర్తను కోరెను. మొదట తన పశువుల మేతకై ఆ బైసన్లనే తరిమినవాడు భార్యమాటపై వానిని పట్టి తెచ్చెను. ఆవులతో వానిని సంకరపరచి కొత్తజాతిని నిలుపుటకు ఆతడు చేసిన యత్నము ఫలింపలేదు. మంద మాత్రము రెండువందలు దాటెను. 1902లో అందుండి మూడు మగవి ఎల్లోస్టోన్ ఉద్యానమునకు పోయినవి. ఆ మంద సంతతి నేటికిని టెక్సాసులోని కాప్రాక్ కాన్యన్స్ ఉద్యానమున మేయుచున్నది.

ముళ్లతీగ కంచెలు వచ్చి బయలును మూసినపిమ్మట దూరయాత్రలు ముగిసినవి. 1926లో మేరీ పోగా కృశించిపోయిన ముదుసలిని, తన యింటిపేరుతోనే యున్న కొరిన్ గుడ్‌నైట్ అను యువతి సేవించి బ్రతికించెను. 91వ జన్మదినమున ఆమెను పెండ్లాడి, 1929 డిసెంబరు 12న ఆతడు కన్నుమూసెను. గుడ్‌నైట్ అను ఊరనే, మేరీ ప్రక్కనే సమాధి. దానిచుట్టును ఒక కంచె కలదు. చూడవచ్చినవారు దానికి మెడరుమాళ్లను కట్టిపోవుదురు. ఎండకు వెలిసినవి కొన్ని, కొత్తవి కొన్ని, బీటిగాలికి ఎగురుచుండును.