జాడ చెప్పని నవలలు

కొండల మధ్య చిన్న ఊళ్లో ఆడపిల్లలు మాయమయ్యారనగానే మన పాఠకుడి చెయ్యి ఆఖరి పేజీ మీదికి పోతుంది. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ చేసిన అలవాటది. ముడి వేసినవాడే విప్పాలి. నేనూ యుగంధర్ అభిమానినే, ఆ ఆనందాన్ని కాదనను. కానీ ముడి విప్పకుండా, పాఠకుణ్ణి మోసం చెయ్యకుండా నవల ముగించడం అంతకంటే కష్టమైన విద్య. అందులో ఆస్ట్రేలియా రచయిత్రి జోన్ లిండ్సేని మించినవారు లేరని నా గట్టి నమ్మకం.

ఆమె ‘పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్’ 1967లో వచ్చింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, వుడెండ్ అనే చిన్న ఊరి పక్కన అగ్నిపర్వతం మిగిల్చిన రాతిగుట్టే ఆ హ్యాంగింగ్ రాక్. ఊరూ గుట్టా నిజమైనవే, కథ మాత్రం కల్పన. 1900 ఫిబ్రవరి 14న బోర్డింగ్ స్కూలు పిల్లలు అక్కడికి పిక్నిక్‌కు వెళ్తారు. నలుగురు గుట్ట ఎక్కుతారు, ఒక్కతే కేకలు వేస్తూ దిగి వస్తుంది. లెక్కల టీచరూ కనబడకుండా పోతుంది.

ఇదంతా మొదటి కొన్ని అధ్యాయాలకే అయిపోతుంది! ఇక మిగిలిన పుస్తకం ఏం చేస్తుంది? అక్కడే ఉంది ఆమె గొప్పతనం. ఆధారాలను దాచదు, ఒక్కొక్కటీ చేతికిస్తుంది. బండివాడి గడియారం సరిగ్గా పన్నెండుకు ఆగిపోయింది. కొన్ని రోజుల తర్వాత, మాయమైనవాళ్లలో ఇర్మా అనే పిల్ల ప్రాణాలతో దొరుకుతుంది. చెప్పుల్లేని ఆ పాదాల మీద ఒక్క గీత లేదు, మట్టి లేదు. ఒంటి మీద ఉండాల్సిన కోర్సెట్ లేదు. బట్టలు మార్చిన తోటమాలి భార్య అది గమనించింది. కానీ మగవాళ్ల ముందు లోదుస్తుల మాట ఎత్తకూడదని డాక్టరుకు చెప్పలేదు. అంత ముఖ్యమైన క్లూ మర్యాద చాటున మాయమైంది. ఒక్క చిన్న ఘటనతో ఆ కాలపు ఆడవాళ్ల బతుకంతా చూపించడం ఎంతమందికి చేతనవుతుంది! ఆ తర్వాత తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్లిపోతారు, టీచర్లు వెళ్లిపోతారు, స్కూలే కూలిపోతుంది. ఒక అదృశ్యం ఎన్ని ఇళ్లను ముంచుతుందో చూపించడమే ఆమె పరిశోధన.

ఆమె మొదట జవాబు చెప్పే అధ్యాయం కూడా రాసింది. ప్రచురణ సంస్థ దాన్ని తీసేయించింది. ఆ నిర్ణయానికి దండం పెట్టాలి. ఆమె పోయాక 1987లో ఆ అధ్యాయం విడిగా అచ్చయింది. దాని జోలికి వెళ్లకండి.

స్విట్జర్లాండ్ రచయిత డ్యూరెన్‌మాట్‌ది ఇంకో దారి. హంతకుడు దొరికిపోయే సినిమా కథ రాశాక, అది రుచించక, 1958లో ‘ది ప్లెడ్జ్’ నవల రాశాడు. చనిపోయిన చిన్నపిల్ల తల్లికి మాటిచ్చిన ఇన్‌స్పెక్టర్ మత్తేయి, హంతకుడు ఎక్కడికి వస్తాడో వేసిన లెక్క అంతా సరైనదే. కానీ హంతకుడు దారిలో కారు ప్రమాదంలో పోతాడు. ఆ సంగతి తెలియని మత్తేయి పెట్రోలు బంకు దగ్గర ఎదురుచూస్తూనే శిథిలమైపోతాడు. జాన్ మెక్‌గ్రెగర్ ‘రిజర్వాయర్ 13’ (2017) ఇంగ్లండ్ కొండపల్లెలో తప్పిపోయిన పదమూడేళ్ల పిల్ల కథ. పదమూడు అధ్యాయాలు, పదమూడేళ్లు. గొర్రెలు ఈనుతాయి, కాపురాలు విడిపోతాయి, పిల్ల జాడ తెలియదు.

ఇప్పుడు మిస్టరీ పేరుతో వస్తున్న సరుకు చూస్తే కడుపు మండుతుంది. పొగమంచు, పాత డైరీ, తాగుబోతు పోలీసు, చివరి పది పేజీల్లో ఎక్కడినుంచో ఊడిపడే పిచ్చివాడు. తప్పిపోయిన పిల్లకు ఓ ఇష్టం, ఓ స్నేహితురాలు, ఓ మాట ఉండవు. మొదటి పేజీలో శవంగా పనికొస్తే చాలు. ఆడపిల్ల చావును ఎరగా వేసి పేజీలు తిప్పించడం రచన కాదు, వ్యాపారం. ఆఖర్న ఒక ట్విస్టు పడేస్తే లోపలి డొల్లతనం కప్పబడుతుందా?

మన రచయితలకు నా మనవి ఒకటే. మనకూ అరకు ఉంది, లంబసింగి ఉంది, ఆ లోయల్లో ఆడపిల్లలున్న ఇళ్లున్నాయి. పోలీసు కంటే ముందు ఆ పిల్ల తల్లిని, పక్కింటివాళ్లను, బడిలో ఖాళీ అయిన బెంచీని రాయండి. హంతకుడి పేరు చెప్పాలో వద్దో తర్వాత చూసుకోవచ్చు.