బన్ని ఉత్సవమా, కర్రల సమరమా? దేవరగట్టు వార్తాభాషలో పేరుమార్పు

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో పేర్లు మారడం కొత్త కాదు. తుంగభద్ర ఒడ్డున ఉన్న మంత్రాలయానికి పూర్వనామం మంచాల. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశానంతరం క్షేత్రనామం స్థిరపడి ఊరి పేరు వెనుకబడింది. అయినా ముందు మంచాలమ్మను దర్శించి, ఆ తరువాతే బృందావనానికి వెళ్లడం నేటికీ ఆచారం. పాత పేరు దేవత పేరులోనూ, దర్శనక్రమంలోనూ నిలిచింది.

అదే జిల్లాలోని హొళగుంద మండలం దేవరగట్టు విషయం వేరు. విజయదశమి రాత్రి మాళమ్మ, మల్లేశ్వరస్వాముల కల్యాణం ముగిశాక ఉత్సవమూర్తులను కొండ దింపి, దివిటీల వెలుగులో ఊరేగించే వేడుకను జనం బన్ని అంటారు. కన్నడంలో బన్ని అంటే జమ్మిచెట్టు. సరిహద్దు సీమ ద్విభాషా జీవనం ఆ ఒక్క మాటలో ఉంది. పత్రికలకూ, టీవీ చానళ్లకూ మాత్రం అది 'కర్రల సమరం'.

ఇది సమరం కాదని, మణిమల్లాసురుల సంహారాన్ని స్మరించే జైత్రయాత్ర అని స్థానిక భక్తుల అభ్యంతరం. దానికి ఆధారం ఉత్సవ నిర్మాణంలోనే ఉంది. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాసులు తమలో వైరం ఉండదని పాలు సాక్షిగా ప్రమాణం చేస్తారు. దాని పేరు పాలబాస. మూర్తులను కాపాడటం వీరి విధి. దక్కించుకోవాలని ఇతర గ్రామాలవారు ముందుకు వస్తారు. రక్షపడ వద్ద రక్తార్పణ, జమ్మిచెట్టు పూజ, తెల్లవారాక బసవన్న గుడి వద్ద కార్ణికం. వానల గురించి, పంట ధరల గురించి దైవవాక్కు వినడానికి వచ్చిన మెట్టరైతు 'సమరం' అనే శీర్షికలో ఎక్కడా కనిపించడు.

తలలు పగలడం మాత్రం నిజం. కొన్ని సంవత్సరాల్లో మరణాలూ సంభవించాయి. గాయాలను లెక్కించే విలేకరి పాలబాసను వదిలేస్తే, పాలబాసను కీర్తించే స్థలపురాణకర్త ఆసుపత్రిని వదిలేస్తాడు. రెండో మౌనం మొదటిదానికంటే చిన్న తప్పేమీ కాదు.

కర్ర, దివిటీ, పోలీసు కలిసిన మరో ఉత్సవ చరిత్ర కరేబియన్ దీవుల్లో ఉంది. 1881లో ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కార్నివాల్ జనాన్ని కెప్టెన్ బేకర్ నాయకత్వంలోని పోలీసులు అడ్డుకోగా ఘర్షణ జరిగింది. 1884లో దివిటీలపై, కర్రలతో గుంపు కట్టడంపై చట్టం వచ్చింది. వలస పాలకులకు అవి అల్లర్లు. జనానికి అది కెన్‌బూలే, అంటే చెరకు తోటలు తగలబడిన బానిసత్వపు జ్ఞాపకం. విచిత్రమేమంటే నేడు వారి వారసులు 'కెన్‌బూలే అల్లర్లు' అనే పేరుతోనే ఆ ఘటనను ఏటా ప్రదర్శిస్తున్నారు. పోలీసు మాటను తమదిగా మలచుకున్నారు. టొరంటోలో 1967లో మొదలైన 'కరిబానా' కోర్టు తగవు ఫలితంగా 2011లో ఆ పేరు కోల్పోయి, ప్రాయోజక బ్యాంకు పేరు తగిలించుకుంది. జనం నోట కరిబానా పోలేదు.

దేవరగట్టులో బన్ని అనే మాటా పోలేదు. కాని పాలన నడిచేది శీర్షికలోని పేరుతోనే. అందుకే ఏటి చర్చంతా కర్రల స్వాధీనం, బందోబస్తు, నిఘా కెమెరాల చుట్టూ తిరుగుతుంది. హింసను అదుపు చేయడానికి ఉత్సవంలోనే ఉన్న సాధనం పాలబాస. మూడు ఊళ్లకే పరిమితమైన ఆ ప్రమాణంలోకి ఎదుటి గ్రామాలవారినీ పిలవవచ్చా అన్న ప్రశ్నకు 'సమరం' పరిభాషలో చోటు లేదు.