గోడ కదిపే ముందు

కాంప్లెక్సు కట్టాలనో, ఉన్న భవనంలో మార్పులు చేయాలనో మా ఆఫీసుకు వచ్చేవాళ్లు మొదట ఎన్ని అంతస్తులు లేపొచ్చని అడుగుతారు. రెండో ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే: "ఫైర్ ఎన్‌వోసీ లేకుండా అయిపోయే దారేమైనా ఉందా సార్?" అలా అడిగేవాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టలేదు. ఒకపక్క బ్యాంకు వడ్డీ, మరోపక్క స్టీలు, సిమెంటు ధరలు. వీటి మధ్య ఇంకో ఆఫీసు, ఇంకో ఫీజు, ఇంకో తనిఖీ అంటే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ ఏళ్ల తరబడి ఆర్కిటెక్టుగా ఈ డ్రాయింగుల మధ్యే గడిపిన నాకు ఒక విషయం బోధపడింది. అనుమతి తెచ్చుకోవడం ఒకసారితో తీరిపోయే కష్టం. ఆ అనుమతిలో గీసిన భవనాన్ని గీసినట్టే నిలుపుకోవడం, అందులో జనం ఉన్నంతకాలం పడాల్సిన కష్టం. మనం ఓడిపోతున్నది ఎక్కువగా ఈ రెండోచోటే.

ముందు నిబంధన సంగతి చెప్పుకుందాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో అగ్నిమాపక సేవల చట్టం వచ్చింది. 2012లో జీవో 168 పేరుతో భవన నిర్మాణ నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తున్న నివాస భవనాలకు, 15 మీటర్లు, ఆ పైనున్న వాణిజ్య భవనాలకు అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ, అంటే నిరభ్యంతర పత్రం ఉండాలి. బడి, సినిమా హాలు, ఫంక్షన్ హాలు, ప్రార్థనా మందిరం వంటి జనం గుమికూడే చోట్లకైతే ఎత్తు 6 మీటర్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు మించినా తప్పనిసరి. ఇది రెండు దశల్లో వస్తుంది. కట్టక ముందు డ్రాయింగులు చూసి ఇచ్చేది ప్రొవిజనల్ ఎన్‌వోసీ. కట్టాక వచ్చి, కళ్లతో చూసి ఇచ్చేది ఆక్యుపెన్సీ ఎన్‌వోసీ. మొదటిది లేనిదే పునాది తవ్వకూడదు, రెండోది లేనిదే గృహప్రవేశం చేయకూడదు.

మొదటి దశలో అధికారి మన డ్రాయింగులో చూసేది గోడల అందం కాదు. హైరైజ్ భవనం చుట్టూ కనీసం 7 మీటర్ల ఖాళీ ఉందా, ఫైరింజన్ నాలుగు వైపులా తిరగగలదా, దాని బరువును ఆ నేల మోయగలదా అని చూస్తారు. సెల్లారు పైకప్పు మీదుగా ఆ దారి పోతుంటే శ్లాబును ఎంత బరువుకు లెక్కగట్టారని అడుగుతారు. ఆ తర్వాత చూపు మెట్ల మీదికి పోతుంది. ఏ గదిలో నిలబడ్డ మనిషికైనా దగ్గరి మెట్ల తలుపు ఎంత దూరంలో ఉందో కొలుస్తారు. ఇళ్లకు, ఆఫీసులకు, దుకాణాలకు నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 పెట్టిన హద్దు 30 మీటర్లు. అదీ గీత గీసినట్టు నేరుగా కాదు, బల్లలూ గోడలూ తప్పించుకుంటూ మనిషి నిజంగా నడిచే దూరం. పొగ కమ్మిన గదిలో, కరెంటు పోయిన చీకట్లో, పిల్లల్ని చంకనేసుకుని నడిచే 30 మీటర్లు ఎంత దూరమో ఒక్కసారి ఊహించుకుంటే, ఆ అంకెను ఎవరూ బేరమాడరు.

బేరం ఎక్కువగా రెండో మెట్ల దగ్గర వస్తుంది. "ఒక మెట్లున్నయ్ కద సార్, లిఫ్టులు రెండున్నయ్. ఇంకో మెట్లకు ఇంత జాగా పోతే నాకు అమ్ముకోనీకి ఏం మిగులుతది?" అని ఒక యజమాని నా ఎదుట కూర్చుని బాధపడ్డాడు. ఆయన లెక్క ఆయనకుంది. చదరపు అడుగు ధర ఎంత పలుకుతుందో తెలిసినవాడికి, అంతస్తంతస్తునా పోయే ఆ జాగా కంటికి కనిపించే నష్టం. ఆయనకు నేను చెప్పింది ఒకటే. "అన్నా, మంట మొదటి మెట్ల దగ్గరే పుడితే? లిఫ్టు అప్పుడు వాడకూడదు. పైనున్నవాళ్లు ఏ దారిన దిగాలి?" ఆయన చాలాసేపు ఆ డ్రాయింగు వంకే చూశాడు. రెండో మెట్లు మొదటిదానికి దూరంగా, భవనం రెండో కొసన పెట్టడానికి ఒప్పుకున్నాడు. రెండూ పక్కపక్కనే ఉంటే పొగ ఒకేసారి రెంటినీ మింగేస్తుంది కాబట్టి ఆ దూరం కూడా ముఖ్యమే.

ఇక రెండో దశ, కట్టడం పూర్తయ్యాక జరిగే తనిఖీ. నా వృత్తిలో నాకు అత్యంత ఇష్టమైన రోజు అదే. అధికారి నేరుగా టెర్రస్ మీదికి వెళ్లి అక్కడి హైడ్రెంట్ వాల్వు తిప్పిస్తారు. గొట్టంలో ఎప్పుడూ ఒత్తిడి నిలిపి ఉంచేది జాకీ పంపు అనే చిన్న పంపు. వాల్వు తెరవగానే ఒత్తిడి పడిపోతుంది, జాకీ మొదలవుతుంది, అది చాలదని తేలగానే కింద మెయిన్ పంపు తనంతట తాను అందుకుంటుంది. అప్పుడు పైన హోస్ పట్టుకున్న మనిషి ఒక్క అడుగు వెనక్కి వేస్తాడు, నీటి ఊపు అంతుంటుంది. చివరి హైడ్రెంట్ దగ్గర కనీసం 3.5 బార్ల ఒత్తిడి రావాలి. తర్వాత కరెంటు తీసేయమంటారు. కొన్ని క్షణాల్లో డీజిల్ పంపు గర్జించి లేవాలి. మెయిన్ పంపుకు ఇంకో నియమముంది. అది తనంతట తాను మొదలు కావాలి గానీ తనంతట తాను ఆగకూడదు. మంట ఆరిందని నిశ్చయించుకున్న మనిషి వెళ్లి చేత్తో ఆపాలి. ఆ ఒక్క నియమంలో ఎంత అనుభవం దాగుందో తలుచుకుంటే, దాన్ని రాసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇంతవరకూ బాగానే జరుగుతుంది. ఆక్యుపెన్సీ పత్రం ఫైల్లోకి పోతుంది, రిబ్బన్ కత్తిరిస్తారు, అద్దెకు జనం వస్తారు. అప్పటినుంచి భవనం కొంచెం కొంచెంగా మారడం మొదలుపెడుతుంది.

ముందు ఇంటీరియర్ పని. కొత్తగా దిగిన ఆఫీసువాళ్లకు అందమైన ఫాల్స్ సీలింగ్ కావాలి. పాత స్ప్రింక్లర్లు దానికి పైన ఉండిపోతాయి. స్ప్రింక్లర్‌లో ఎర్రటి చిన్న గాజు బల్బుంటుంది, దాని చుట్టూ వేడి 68 డిగ్రీలకు చేరితే పగిలి నీళ్లు వదులుతుంది. ఫాల్స్ సీలింగ్ మధ్యలో అడ్డుపడితే కింద గది తగలబడుతున్నా ఆ వేడి బల్బుకు సమయానికి తగలదు. సీలింగ్ దించినప్పుడు స్ప్రింక్లర్లనూ కిందికి దించాలి. ఆ పైపు పనికి అయ్యే ఖర్చు ఆ సీలింగ్ దీపాలకు పెట్టేదానికన్నా తక్కువే ఉంటుంది. తర్వాత క్యాబిన్లు. ఒక పెద్ద హాలును పది గదులు చేస్తే, 30 మీటర్లలో అందాల్సిన తలుపు మూడు మలుపులు తిరిగితే గానీ అందదు. తర్వాత ఇంటర్నెట్ కేబుళ్లు. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు వైరు లాగడానికి ఎలక్ట్రికల్ షాఫ్టులో కన్నం పెడతారు, మళ్లీ పూడ్చరు. అలా అన్ని అంతస్తుల్లోనూ జరిగాక ఆ షాఫ్టు అచ్చం పొగగొట్టంలా పనిచేస్తుంది. కింద పుట్టిన పొగ నిమిషాల్లో పై అంతస్తుకు చేరుతుంది.

మేము డ్రాయింగులిచ్చిన ఒక వాణిజ్య భవనానికి కొన్నేళ్ల తర్వాత వేరే పని మీద వెళ్లాను. మూడో అంతస్తులో రెండో మెట్ల తలుపు తెరవబోతే సగమే తెరుచుకుంది. అవతలి ల్యాండింగ్‌లో జిరాక్సు మెషీను, కాగితం కట్టల అట్టపెట్టెలు, తాగునీటి డబ్బాలు పెట్టుకున్నారు. తలుపు దానంతటది మూసుకోవడానికి బిగించిన డోర్ క్లోజర్‌ను విప్పేసి పక్కన పెట్టారు. తలుపు నెత్తిన 'ఎగ్జిట్' అని ఆకుపచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. "ఇటుపక్క ఎవ్వరూ దిగరు సార్, జాగా ఊరికే పోతోందని..." అన్నాడు అక్కడి కుర్రాడు. అతడు అబద్ధం చెప్పలేదు. మామూలు రోజుల్లో ఆ మెట్లు ఎవరూ దిగరు. ఆ మెట్లు కట్టింది మామూలు రోజుల కోసం కాదని అతడికి చెప్పినవాళ్లే లేరు.

ఇలాంటి మార్పుల ఫలితం ఏమిటో మన దేశం చాలాసార్లు చూసింది. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. మంట పుట్టింది కింద పార్కింగ్ పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. బాల్కనీలోకి వచ్చింది పొగ. అదనపు సీట్లు వేయడం కోసం బాల్కనీలో కుడివైపు దారి అప్పటికే మూసేసి ఉంది. 2020 ఆగస్టు 9న విజయవాడలో హోటల్‌ను కొవిడ్ కేంద్రంగా మార్చిన భవనంలో మంటలు లేచి 10 మంది పోయారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో 8 మంది పోయారు. అక్కడ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల వ్యాపారం, పైన లాడ్జి. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో జనం కాపురముంటున్న భవనం కింద రసాయనాల డ్రమ్ములు అంటుకుని పలువురు పోయారు. అదే ఏడాది మార్చి 16న సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్సులో ఉద్యోగాలు చేసుకుంటున్న ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక ప్రాణాలు విడిచారు.

ఈ పేర్లన్నీ చదివితే ఒక సంగతి తేటపడుతుంది. మనుషుల్ని చంపుతున్నది ఎక్కువగా పొగ. పొగ పైకెక్కే దారీ మనుషులు కిందికి దిగే దారీ ఒకటే అయినప్పుడు చావులు పెరుగుతాయి. ఒక పనికని కట్టిన చోటును ఇంకో పనికి వాడినప్పుడు ప్రమాదం మన లెక్కలకు అందకుండా పోతుంది. పార్కింగ్‌కు వేసిన లెక్క గోడౌనుకు సరిపోదు. హోటల్లో గది తలుపు తీసుకుని నడిచివచ్చే మనిషికి వేసిన లెక్క, ఆక్సిజన్ పెట్టుకుని మంచంలో ఉన్న రోగికి సరిపోదు. అందుకే వాడకం మారితే మళ్లీ అనుమతి తీసుకోవాలి. గోడ ఒక్కటీ కదపకపోయినా తీసుకోవాల్సిందే. ఈ మాట చెప్పగానే చాలామంది ఆశ్చర్యపోతారు, "కొత్తగా ఏమీ కట్టట్లేదు కద సార్" అంటారు. కట్టడం మారకపోయినా అందులో తగలబడే సామాను మారింది, అందులో ఉండే మనుషులు మారారు.

18 మీటర్ల సంగతీ ఒకటుంది. మన ఊళ్లలో స్టిల్టు మీద ఐదంతస్తుల అపార్టుమెంట్లే ఎక్కువ. అవి ఆ హద్దుకు లోబడే ఉంటాయి గనుక ఎన్‌వోసీ అవసరం రాదు. అవసరం లేదన్నంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర పాత ఇంట్లో 17 మంది చనిపోయారు, వారిలో పసిపిల్లలున్నారు. అది ఆకాశాన్నంటే భవనమేమీ కాదు. బయటికి రావడానికి ఇరుకైన దారి తప్ప ఇంకోటి లేదు. చట్టం అడగకపోయినా చిన్న భవనాల్లోనూ మెట్ల వెడల్పు, టెర్రస్ తలుపు, మీటర్ బోర్డుల చోటు గురించి ఆలోచించమని నేను ప్రతి క్లయింటుకూ చెబుతాను. ముఖ్యంగా మీటర్ బోర్డులన్నీ మెట్ల కిందే పెట్టడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. షార్ట్ సర్క్యూట్ జరిగితే ఉన్న ఒక్క దారీ అక్కడే మూసుకుపోతుంది.

ప్రభుత్వాన్ని కూడా ఒకటి అడగాలి. తెలంగాణలో 2020లో భవన అనుమతుల కోసం టీఎస్ బీపాస్ చట్టం తెచ్చినప్పుడు, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల లోపు ఇల్లు కట్టుకునేవారికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి పెట్టారు. జనం దాన్ని సంతోషంగా వాడుకున్నారు. లోపలి మార్పులకూ అలాంటి తేలిక దారి కావాలి. ఒక ఆఫీసు తన అంతస్తులో క్యాబిన్లు మార్చుకుంటే, మార్చిన డ్రాయింగు మీద అర్హుడైన ఇంజినీరు సంతకం పెట్టి ఆన్‌లైన్లో దాఖలు చేస్తే చాలనాలి. ఆ తర్వాత శాఖవారు వచ్చి చూసి, అబద్ధమని తేలితే ఆ సంతకానికి గట్టి శిక్ష వేయాలి. చిన్న మార్పుకూ పెద్ద భవనానికీ ఒకే చాంతాడంత వరుస ఉంటే, ఎక్కువమంది అడగకుండానే గోడలు కదుపుతారు. నియమం నిలవాలంటే దాన్ని పాటించే దారి మామూలు మనిషికి అందుబాటులో ఉండాలి.

ఇక పాఠకులకు నా మనవి. ఈ ఆదివారం మీ భవనంలో అన్నిటికన్నా పై అంతస్తు నుంచి కిందివరకు మెట్ల మీదుగా ఒకసారి నడవండి. ఇంట్లో పెద్దవాళ్లనీ పిల్లల్నీ వెంటబెట్టుకెళ్లండి. టెర్రస్ తలుపుకు తాళముంటే దాని చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి, తీసేయించగలిగితే తీసేయించండి. మెట్ల మీద చెప్పుల స్టాండో, పాత సైకిలో, గ్యాస్ సిలిండరో ఉంటే పక్కింటివాళ్లతో మర్యాదగా మాట్లాడి తీయించండి. అసోసియేషన్ సమావేశంలో ఆమోదం పొందిన డ్రాయింగుల ప్రతి ఎక్కడుందని అడగండి. లేకపోతే బిల్డరు దగ్గర్నుంచో మున్సిపల్ ఆఫీసు నుంచో తెప్పించి దాచండి. కింద దుకాణాలు అద్దెకిస్తుంటే అక్కడ ఏం నిల్వ చేస్తారో అద్దె పత్రంలోనే రాయించండి. 101 నంబరు పిల్లలకు కంఠతా రావాలి.

ఎవరైనా మీ భవనంలో గోడ కదపబోతుంటే, ఫాల్స్ సీలింగ్ దించబోతుంటే, సెల్లారు అద్దెకివ్వబోతుంటే, ముందుగా ఆ డ్రాయింగు తెచ్చి బల్ల మీద పరవమనండి. మెట్లకూ తలుపులకూ నీళ్ల గొట్టాలకూ ఏమాత్రం అడ్డొచ్చినా అనుమతి తెచ్చాకే పని మొదలుపెట్టమనండి. మొహమాటపడకండి. అది మీ హక్కు, మీ పైఅంతస్తులో నిద్రపోయేవాళ్ల పట్ల మీ బాధ్యత కూడా.