ఎవరి కండ ప్రమాణం? కిడ్నీ సూత్రాల రాజకీయాలు

వైద్యశాస్త్రానికి కులం లేదు, రంగు లేదు అని మనకు చెప్తూ వచ్చారు. మనమూ నమ్మాం. సాహిత్యానికి కులమేమిటని అడిగినవాళ్ళతో ఏళ్ళ తరబడి వాదించాం. చరిత్రతో, పాఠ్యపుస్తకాలతో, సినిమాలతో తగాదా పెట్టుకున్నాం. కానీ రక్తపరీక్ష రిపోర్టు చేతికిస్తే మాత్రం మారుమాట్లాడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాం. అందులోని అంకె తెల్లకోటు తొడుక్కుని వుంటుంది మరి! అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ వైద్య విభాగం 1999లో తయారుచేసి, 2021లో తానే దిద్దుకున్న ఒక లెక్కను ఇక్కడ పరిశీలించదలచుకున్నాను. చూడ్డానికి అది అమెరికా నల్లజాతి ప్రజల గొడవ. కానీ దాని కొస ఉద్దానం కూలిమనిషి ఒంటిదాకా వచ్చింది.

ముందు విషయం తెలియాలి. కిడ్నీలు నిమిషానికి ఎంత వడగడుతున్నాయో చెప్పే కొలతను జీఎఫ్ఆర్ అంటారు. ఆరోగ్యంగా వున్న యువకుల్లో అది నూరుకు అటూ ఇటూగా వుంటుంది. మూడు నెలలకు మించి 60కి తక్కువగా వుంటే జబ్బు కింద లెక్క. దీన్ని నేరుగా కొలవడం ఖర్చుతో, శ్రమతో కూడిన పని. అందుకని రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చూసి, సూత్రంలో వేసి అంచనా కడతారు. క్రియాటినిన్ కండరాల్లో పుట్టే వ్యర్థం. కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పేరుకుంటుంది. అయితే కండ వున్న మనిషిలో అది ఎక్కువ పుడుతుంది, కండ లేని మనిషిలో తక్కువ. మాంసం తిన్న పూట కాస్త పెరుగుతుంది కూడా. అంటే ఈ ఒక్క అంకెలో కిడ్నీ సంగతీ, ఒంటి సంగతీ, తిండి సంగతీ కలిసిపోయి వుంటాయి. వాటిని విడదీయడానికే సూత్రం. కాబట్టి ప్రతి సూత్రం లోపలా ఒక ఊహ దాక్కుని వుంటుంది: ఈ వయసు మగవాడికి ఇంత కండ వుంటుంది, ఈ వయసు ఆడమనిషికి ఇంత వుంటుంది అని. ఎవరిని చూసి అనుకున్న కండ అది?

1999లో బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ వైద్య విభాగానికి చెందిన ఆండ్రూ లెవీ, ఆయన సహచరులు 'ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్'లో ఒక పరిశోధన ప్రచురించారు. 1628 మంది కిడ్నీ రోగుల వివరాల నుంచి తీసిన సూత్రం అది. ఎం.డి.ఆర్.డి. సూత్రమని ప్రపంచమంతా వాడింది. ఆ 1628 మందిలో నల్లవాళ్ళు సుమారు 12 శాతం. క్రియాటినిన్, వయసు, ఆడామగా తర్వాత సూత్రంలో ఇంకో గడి పెట్టారు: రోగి నల్లజాతి మనిషైతే వచ్చిన ఫలితాన్ని 1.2 పైచిలుకుతో గుణించాలి. 2009లో వచ్చిన సీకేడీ-ఎపి సూత్రంలో ఆ గుణకం 1.159కి తగ్గింది, పోలేదు. అదే రక్తం, అదే క్రియాటినిన్, అదే వయసు. రంగు మారితే కిడ్నీ పదహారు పాళ్ళు బాగున్నట్టు. ఎందుకట? నల్లవాళ్ళకు సగటున కండ ఎక్కువని అంతకుముందు కొన్ని అధ్యయనాలు అన్నాయట. తమ 1628 మందిలో ఎవరి కండా కొలవలేదు వాళ్ళు.

దీని ఫలితం కాగితం మీద చిన్నది, బతుకులో పెద్దది. అమెరికాలో కిడ్నీ మార్పిడికి వరసలో నిలబడిన కాలం లెక్కలోకి రావాలంటే, డయాలసిస్ ఇంకా మొదలుకాని రోగికి జీఎఫ్ఆర్ 20కి దిగాలి. అసలు లెక్కలో 18 వచ్చిన తెల్లమనిషి వరసలో చేరిపోతాడు. అదే 18 వచ్చిన నల్లమనిషికి 1.159 పెట్టి గుణిస్తే 20.9. నీ కిడ్నీ ఇంకా బాగానే వుంది, తర్వాత రమ్మంటారు. ఆ తర్వాత ఎన్ని నెలలో, ఎన్నేళ్ళో! ల్యాబులు రెండు అంకెలు అచ్చువేసి ఇచ్చేవి, నల్లవారైతే ఇంత, కాకపోతే ఇంత అని. ఏ అంకె తీసుకోవాలో డాక్టరు రోగి మొహం చూసి తేల్చుకోవాలి. అమ్మ తెల్లది, నాన్న నల్లవాడు అయితే ఏ అంకె? ఈ ప్రశ్నకు సూత్రంలో జవాబు లేదు. జాతి అనేది కిడ్నీలో కాదు, చూసేవాడి కంటిలో వుందని అక్కడే తేలిపోతుంది.

ఈ గుణకం తనంతట తాను పోలేదు. వైద్య విద్యార్థులు అడిగారు. నల్లజాతి డాక్టర్లు రాశారు. వెనెసా గ్రబ్స్ అనే నెఫ్రాలజిస్టు, తాను ప్రేమించిన మనిషికి తన కిడ్నీనే ఇచ్చిన డాక్టరమ్మ, 2020లో దీన్ని నిలదీస్తూ వ్యాసం రాసింది. బోస్టన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి 2017లోనే ఈ గుణకాన్ని వదిలేసింది. 2020లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వదిలింది. ఆ ఏడాదే జార్జి ఫ్లాయిడ్ హత్య జరిగిందని, దేశమంతా వీధుల్లోకి వచ్చిందని మర్చిపోకూడదు. సింథియా డెల్గాడో, నీల్ పోవ్‌ల నాయకత్వంలో నిపుణుల బృందం ఏర్పడింది. 2021 సెప్టెంబర్‌లో 'న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో జాతి గడి లేని కొత్త సూత్రం వచ్చింది. దాన్ని రాసినవాళ్ళలో ముఖ్యులు టఫ్ట్స్‌కే చెందిన లెస్లీ ఇంకర్, అదే ఆండ్రూ లెవీ. 2023 జనవరి నుంచి, పాత సూత్రం వల్ల వెనకబడిన నల్లజాతి రోగుల వరస కాలాన్ని సరిదిద్దాలని మార్పిడి కేంద్రాలకు నిబంధన పెట్టారు. 14 వేల మందికి పైగా రోగులకు పోయిన కాలం తిరిగి జమ అయింది. ఈలోగా చనిపోయినవాళ్ళు ఆ జాబితాలో వుండరు.

ఇక్కడ మనవాళ్ళు కొందరు చప్పట్లు కొట్టి ఊరుకుంటారు. నేను ఊరుకోలేను. ఎందుకంటే 2021 పరిశోధనలో ఒక నిజాయితీ అయిన చిక్కు వుంది. జాతి గడి తీసేసిన కొత్త క్రియాటినిన్ సూత్రం నల్లవాళ్ళ జీఎఫ్ఆర్‌ను 3.6 తక్కువ చేసి, మిగతావాళ్ళది 3.9 ఎక్కువ చేసి చూపుతోందని వాళ్ళే రాశారు. అంటే ఆ రోగుల సమూహంలో సగటు తేడా వుంది, అది కల్పితం కాదు. పాత గుణకాన్ని సమర్థించినవాళ్ళ బలమంతా ఇదే. మందుల మోతాదు తప్పుతుంది, క్యాన్సర్ మందు అందకుండా పోతుంది అని వాళ్ళు అన్నదాంట్లో కొంత నిజం వుంది. దాన్ని కొట్టిపారేస్తే మనం విమర్శ చేసినట్టు కాదు, నినాదం ఇచ్చినట్టు.

నా అభ్యంతరం వేరే చోట. తేడా కనిపించగానే దానికి కారణం వెతకాలి. ఆ మనుషులు ఏం పని చేశారు, ఏం తిన్నారు, బరువెంత, ఎత్తెంత అని అడగాలి. 'నలుపు' అని రాసేస్తే ఆ అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆగిపోతాయి. ఇరవై రెండేళ్ళు అలాగే ఆగిపోయాయి. కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి అనే పరీక్ష వుంది. దాన్ని క్రియాటినిన్‌తో కలిపి కట్టిన సూత్రం జాతి గడి లేకుండానే మెరుగ్గా పనిచేస్తుందని అదే 2021 పరిశోధన చూపింది. రంగు అడగడానికి ఖర్చు లేదు, సిస్టాటిన్-సికి వుంది. అంతే తేడా.

ఇది కొత్త అలవాటేమీ కాదు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే అమెరికన్ డాక్టరు, స్వయంగా బానిసల యజమాని, ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే యంత్రాన్ని పట్టుకుని నల్లవాళ్ళకు ఊపిరే తక్కువని, చాకిరీయే వాళ్ళకు మందని రాశాడు. మన దగ్గర హెర్బర్ట్ రిస్లీ ముక్కులు కొలిచాడు. ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత కింద అన్నాడు. అంబేడ్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్'లో అదే ముక్కు కొలతల్ని తీసుకుని, బ్రాహ్మణులూ అంటరానివాళ్ళూ వేర్వేరు జాతులన్న సిద్ధాంతాన్ని తిరగ్గొట్టాడు. వాళ్ళ అంకెలతోనే వాళ్ళ వాదాన్ని ఓడించడం మన సంప్రదాయం. అందుకే ఈ కిడ్నీ అంకెల్ని కూడా వదిలిపెట్టకూడదంటున్నాను.

ఇక మన సంగతి. ఎం.డి.ఆర్.డి. సూత్రంలో వున్నవి రెండే గళ్ళు: నల్లవారు, నల్లవారు కానివారు. మన ల్యాబులు మనందర్నీ రెండో గడిలో వేశాయి. శ్రీకాకుళం కూలిమనిషి బోస్టన్ తెల్లవాడి పక్కన కూర్చున్నాడు! సమానత్వం ఇంత సులభంగా ఇంకెక్కడా దొరకలేదు మనకి. ఆ సమానత్వం ఖరీదెంతో ఒక లెక్క వేసి చూద్దాం. 58 ఏళ్ళ మగమనిషి, 42 కిలోల బరువు, క్రియాటినిన్ 1.1. జాతి గడి తీసేసిన 2021 సూత్రంలో వేస్తే సుమారు 78 వస్తుంది. భయం లేదు, ఇంటికి పొమ్మంటారు. ఇదే మనిషిని, బరువు అడిగే పాత కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో వేస్తే 43 చిల్లర. (1976లో కెనడాలో 249 మంది మగరోగుల నుంచి తీసింది అది. దాని లోపాలు దానికున్నాయి.) ఈ రెండూ కొలిచేది అచ్చంగా ఒకటే కాదు. ఒంటి పరిమాణానికి సరిచేస్తే తేడా తగ్గుతుంది. తగ్గినా చిన్నపాటి మనిషికి అది 50ల్లోనే వుంటుంది. 60 గీతకు అటొకటి, ఇటొకటి. ఒక సూత్రం ఆ మనిషి ఒంటిని చూసింది, ఇంకోటి చూడలేదు.

ఇది నా ఊహాగానం అనుకునేవాళ్ళ కోసం: చండీగఢ్ పీజీఐ నెఫ్రాలజీ శాఖ 2018లో ప్రచురించిన పరిశోధన వుంది. సుమారు 130 మందికి ఇన్యులిన్ ఎక్కించి జీఎఫ్ఆర్‌ను నేరుగా కొలిచి, సూత్రాలతో పోల్చారు. వాడుకలో వున్న క్రియాటినిన్ సూత్రాలన్నీ కిడ్నీ పనిని వున్నదానికంటే ఎక్కువ చేసి చూపుతున్నాయని తేలింది. కండ తక్కువ, మాంసకృత్తులు తక్కువ అన్నది వాళ్ళిచ్చిన వివరణ. మంచి పని. కానీ వాళ్ళు 'భారతీయుల్లో' అని రాశారు. ఏ భారతీయుల్లో? నెయ్యి, పప్పు, పెరుగు మూడుపూటలా తిని కుర్చీలో కూర్చుని పనిచేసే భారతీయుడూ, గంజి తాగి పొద్దంతా ఎండలో తట్ట మోసే భారతీయుడూ ఒకే కండ కట్టారా? ఎస్సీ, ఎస్టీ పిల్లల్లో ఎదుగుదల కుంగడం మిగతావాళ్ళకంటే ఎక్కువని ప్రభుత్వ కుటుంబారోగ్య సర్వేలే ప్రతిసారీ చెప్తున్నాయి. ఆ పిల్లలే పెద్దయి ల్యాబుకు వస్తారు. 'నలుపు' అన్న మాట అక్కడ చేసిన పనే 'భారతీయుడు' అన్న మాట ఇక్కడ చేస్తోంది. అడగాల్సిన ప్రశ్నను మూసేస్తోంది.

ఉద్దానాన్నే తీసుకుందాం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడితోటల పని, చేపల వేట, వలస కూలి. ఇది ఒక్క దళితుల జబ్బని నేననను. బీసీలూ, మత్స్యకారులూ, చిన్న రైతులూ అందరూ పోతున్నారు. 2019, 2020ల్లో వెలువడిన రెండు సర్వేల్లోనూ పెద్దవాళ్ళలో దాదాపు ఐదుగురికి ఒకరికి కిడ్నీ జబ్బు వుందని, అందులో ఎక్కువమందికి షుగరూ బీపీ కారణం కాదని తేలింది. దీనికి పెట్టిన పేరు 'కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి'. నీళ్ళు, సిలికా, పురుగుమందులు, నొప్పిబిళ్ళలు, ఎండదెబ్బ, అన్నీ అనుమానితులే, ఏదీ ఖాయం కాలేదు. మధ్య అమెరికా చెరకుతోటల కూలీలకూ, శ్రీలంక వరిరైతులకూ ఇలాంటిదే వచ్చింది. 2023 డిసెంబర్‌లో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. మంచిదే. అయితే ఈ సర్వేలకు క్రియాటినిన్ సూత్రాలే ఆధారం. చండీగఢ్ పరిశోధన నిజమైతే, బక్కపలచని కూలిమనుషుల్లో మొదటి దశ జబ్బు చాలావరకు లెక్కలోకే రాలేదని అనుకోవాలి. ఆ ఐదుగురిలో ఒకరు అన్నది ఇంకా తక్కువ లెక్కేనేమో! కారణం తెలియని జబ్బు సరే, పరిమాణమైనా సరిగ్గా తెలిసిందా?

ఈ మాటలు విని ఎవరో ఒక పండితుడు రేపు కులగుణకం పెడదామంటాడు. ఎస్సీ అయితే 0.9తో గుణించండి అని. దాన్ని మనం మొదటి రోజే తిప్పికొట్టాలి. కులం రక్తంలో లేదు. కులం వల్ల దక్కని తిండీ, కులం వల్ల మీదపడిన చాకిరీ ఒంటిలో వున్నాయి. వాటిని కొలవొచ్చు. బరువు, ఎత్తు, దండ చుట్టుకొలత, చేసే పని, పుట్టినప్పటి బరువు. పుట్టుకతో బరువు తక్కువైన బిడ్డకు కిడ్నీలో వడపోత గొట్టాలే తక్కువ వుంటాయన్న వాదన 1988 నుంచీ వైద్యంలో వుంది. ఆ కూలితల్లి కడుపుతో వుండగా ఏం తిన్నదో కూడా ఈ లెక్కలోకి వస్తుంది. అయితే కులం వివరం అసలు సేకరించొద్దని నేననడం లేదు. జబ్బు ఎవరి మీద ఎక్కువ పడుతోందో తెలియడానికి కులం కాలమ్ వుండి తీరాలి. ఒకే మనిషి క్రియాటినిన్‌ను దిద్దడానికి మాత్రం వుండకూడదు. కులాన్ని కనిపెట్టడం వేరు, కులాన్ని శరీరధర్మం చేయడం వేరు. అమెరికా వైద్య విభాగాలు ఇరవై రెండేళ్ళు గందరగోళపడింది సరిగ్గా ఇక్కడే.

ఈ పత్రిక చదివే మెడికల్ కాలేజీ విద్యార్థులకు ఒక పని. మీ కాలేజీ ల్యాబులో ఇచ్చే కిడ్నీ రిపోర్టు ఒకటి తెచ్చి చూడండి. ఏ సూత్రం వాడారో రాసి వుందా? రోగి బరువు రాయడానికి గడి వుందా? క్రియాటినిన్ నమ్మశక్యం కానంత బక్కగా వున్న మనిషికి సిస్టాటిన్-సి చేయించే ఏర్పాటు వుందా? మీ ప్రొఫెసర్లను అడగండి, ఏం చెప్పారో రాయండి. అమెరికాలో అడిగింది కూడా మీలాంటి విద్యార్థులే. వచ్చిన జవాబులతో ఈ చర్చ ముందుకు తీసుకుపోదాం.