అరంగుళం కొలతలో డిఫరెన్షియల్

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం దొర్లాలి. రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటే ఏదో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోక తప్పదు. ఆ చిక్కు తీర్చే డిఫరెన్షియల్‌లోనే ఇంకో చిక్కుంది. తిప్పే బలాన్ని అది రెండు పక్కలకీ సమానంగా పంచుతుంది. ఒక చక్రం బురదలో పట్టు తప్పితే దాన్ని తిప్పడానికి ఎంత కొద్ది బలం చాలో, గట్టినేల మీదున్న రెండోదానికీ అంతే దక్కుతుంది. బురదలోది గిర్రున తిరుగుతుంటే బండి ఉన్నచోటే ఉంటుంది.

దీనికి గేర్లతోనే విరుగుడు కనిపెట్టినవాడు అమెరికాకు చెందిన వెర్నన్ గ్లీస్‌మన్. 1958లో పేటెంటు దక్కిన ఆయన అమరిక తర్వాత టోర్సెన్ పేరుతో ఆడీ క్వాట్రో కార్లలోకీ, అమెరికా సైన్యం నడిపే హమ్వీల్లోకీ వెళ్లింది. బొమ్మ చూసి దీన్ని అర్థం చేసుకోవాలంటే తల తిరుగుతుంది. మెకానోతో కట్టి చూడటమే దగ్గరి దారి.

లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో పేటెంటు పొందిన చిల్లుల పట్టీల సెట్టే మెకానో. పిల్లల ఆటవస్తువే గానీ, 1934లో మాంచెస్టర్‌లో హార్ట్రీ, పోర్టర్ అనే పరిశోధకులు దీనితోనే గణిత సమీకరణాలు సాధించే యంత్రాన్ని కట్టారు. లివర్‌పూల్ ఫ్యాక్టరీ 1979లో మూతపడినా, ఆ విద్యను పెద్దవాళ్ల క్లబ్బులు నిలబెట్టాయి.

చిల్లుకూ చిల్లుకూ మధ్య అరంగుళం. కట్టేవాడికి ఉన్న కట్టుబాటంతా అదే. రెండు సగం ఇరుసుల కొసలకు మరలాంటి వర్మ్ గేరు చెరొకటి బిగించి, గేర్లను మోసే హౌసింగ్ మధ్యలో ఎదురెదురుగా నిలపాలి. రెండింటి మరచుట్టూ ఒకే వాటంగా ఉండాలి. వర్ముకు అరంగుళం ఎడంలో, దాని ఇరుసుకు అడ్డంగా పినియన్ అనే 19 పళ్ల చిన్న గేరు సరిగ్గా అమరుతుంది. కుడి వర్ము మీద ఒకటి, ఎడమ వర్ము మీద ఒకటి, వాటి ఇరుసుల మధ్య ఎడం ఒక అంగుళం. ఆ రెంటినీ కలపడానికి 38 పళ్ల గేర్లు రెండు చాలు. అంగుళం దూరంలో అవి ఒకదానితో ఒకటి చక్కగా పట్టుకుంటాయి. గ్లీస్‌మన్ అమరికలో ఇలాంటి జతలు మూడుంటాయి. మెకానో పట్టీలకు లంబకోణాలంటేనే మక్కువ కాబట్టి, ఎదురెదురుగా రెండు జతలు పెట్టుకోవడం తెలివైన పని.

అసలు నేర్పంతా రెండో జతను బిగించడంలో ఉంది. మొదటి జతతో దాని పళ్లు వెంట్రుకవాసి తేడాగా పడినా హౌసింగ్ మొత్తం బిగుసుకుపోతుంది. అందుకే రెండో జతలో ఒక గేరు స్క్రూను వదులుగా ఉంచి, ఇరుసులను అటూ ఇటూ తిప్పి, పళ్ల మధ్య వదులు సర్దుకున్న తర్వాతే బిగిస్తారు.

ఇప్పుడు హౌసింగ్‌ను కదలకుండా పట్టుకుని ఒక్క చక్రాన్నే తిప్పబోతే తిరగదు. రెండు చక్రాలనూ ఎదురెదురు దిశల్లో తిప్పితే సాఫీగా కదులుతుంది. వర్ము పినియన్‌ను తిప్పగలదు, పినియన్ వర్మును తిప్పలేదు. మలుపులో రోడ్డు రెండు చక్రాలనూ తిప్పుతుంది కాబట్టి అడ్డు లేదు. బురదలో ఒంటరిగా జారబోయే చక్రాన్ని మాత్రం వర్ము పట్టేస్తుంది.

ఇక్కడ బొమ్మ అసలును మించిపోయింది. మెకానో వర్ముది ఒంటి మర, వాలు చాలా తక్కువ. అందుకే అది పూర్తిగా లాక్ అవుతుంది. టోర్సెన్ మరల వాలు ఎక్కువ; అది లాక్ కాదు, జారే చక్రం భరించే బలానికి కొన్ని రెట్లు మాత్రమే రెండోదానికి పంపుతుంది. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే, సున్నాకు ఎన్ని రెట్లయినా సున్నానే. హమ్వీ డ్రైవర్లు అలాంటప్పుడు యాక్సిలరేటర్‌తో పాటు బ్రేకును కొద్దిగా తొక్కి, గాలిలోని చక్రానికి కాస్త భారం కల్పిస్తారు. మెకానో మోడల్‌కు ఆ అవసరం రాదు. నా మటుకు ఈ తేడా పట్టుబడటమే ఇంత శ్రమకూ దక్కిన ఫలం.

ఎక్కువ వాలు మరలున్న గేర్లను త్రీడీ ప్రింటర్‌లో చేసుకుని అసలుకు దగ్గరగా వెళ్లొచ్చు. అప్పుడు ఆ రెట్లు ఎన్నో కొలవడం కూడా తేలికే. హౌసింగ్‌ను కదలకుండా బిగించి, ఒకే కొలత చక్రాలు రెంటికీ దారాలు ఒకే వైపుకు చుట్టి సమాన బరువులు వేలాడదీయాలి. ఒక పక్క బరువు కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఒక దశలో అది దిగుతూ రెండోదాన్ని పైకి లేపుతుంది. ఆ క్షణాన పెద్ద బరువు చిన్నదానికి ఎన్ని రెట్లో, ఆ డిఫరెన్షియల్ బలం అన్ని రెట్లు.